వదిలేసిన ఊరు

“ఆ పెట్టె ఎవరు దించారు?”

చోంగ్‌నెంగ్ గొంతు వంటింటిదాకా వినిపించింది. పొలం నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, బూట్లకి నిమ్మగడ్డి మళ్ళలోని బురద ఇంకా తడిగానే ఉంది. గడపలోనే నిలబడిపోయాడు.

అలమర పై అరలో పన్నెండేళ్ళుగా కదలని ఆకుపచ్చ సూట్‌కేసు హాలు మధ్యలో తెరిచి ఉంది. అతని తల్లి తను పోయిన రోజున తొడగాల్సిన బట్టలన్నీ స్వయంగా కుట్టుకుని అందులో దాచుకుంది. నల్ల జాకెట్టు, ఎర్ర నడికట్టు, ముందుకొన పైకి తిరిగిన జనపనార చెప్పులు. పోయినవాళ్ళు గొంగళిపురుగుల కొండ దాటాలంటే కాళ్ళకి ఆ చెప్పులే ఉండాలి. జాకెట్టు, నడికట్టు అప్పుడే పెరట్లో తీగమీదికి ఎక్కాయి.

“నేనే మామయ్యా,” అంది గావ్‌చీ. ఆమె ఆ ఇంటి కోడలు, లీపావో భార్య. ఏడో నెల. “నాయనమ్మ దించమంది. ముక్కవాసన వస్తున్నాయి, ఎండలో వెయ్యమంది. కాదనలేకపోయాను.”

అత్తగారు యెర్ స్టవ్ దగ్గర నిలబడి కోడి ఉడుకుతున్న గిన్నెని తిప్పుతోంది. తిప్పాల్సిన పనేం లేదు, అయినా తిప్పుతోంది. ముసలమ్మ అన్నం ముట్టి నాలుగు రోజులైంది. ఆసుపత్రిలో ఒక పూటంతా ఉంచుకుని, సూదులు గుచ్చి, బొమ్మలు తీసి, ఈ వయసుకి గుండె బ్రహ్మాండంగా ఉందని చెప్పి పంపించేశారు. గుండె బాగున్న మనిషి చావుబట్టలు ఆరేయించుకోవడానికి వాళ్ళ దగ్గర మందు లేదు.

చోంగ్‌నెంగ్ కూతురి వైపు చూడలేదు. ఆదివారం నుంచీ అతను పాహువా వైపు చూడటం మానేశాడు. తిట్టి ఉంటే ఆ పిల్ల ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆదివారం జరిగింది ఒక నిమిషం పని. పాహువా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని తన థీసిస్ రాసుకుంటోంది. ఎం.ఏ. ఎత్నిక్ స్టడీస్, రెండో సంవత్సరం, చివరి నెల. ఆమె వింటున్నది దారిపాట. మనిషి పోయినప్పుడు శవం పక్కన నిలబడి, ఆ ప్రాణం బతికిన ఊళ్ళన్నిటి మీదుగా వెనక్కి నడిపించి, పుట్టిన ఇంటి దాకా తీసుకెళ్ళే పాట. చావులేని ఇంట్లో దాన్ని పాడరు. నేర్చుకునేవాళ్ళు సైతం ఊరవతల చేలల్లోకి వెళ్ళి నేర్చుకుంటారు.

వాతోంగ్ పెద్దనాన్న దాన్ని పాహువా కోసం పొలం చివరి గట్టుమీద, చచ్చిపోయిన తన తండ్రి పేరు పెట్టి పాడాడు. ఇంట్లోకి తీసుకెళ్ళకు అన్నది ఒక్కటే షరతు. చెవుల్లో పాడితే ఇంట్లో పాడినట్టు కాదులే అని పాహువా తనకి తనే తీర్పు చెప్పుకుంది. చదువుకున్నవాళ్ళకి అదొక సౌకర్యం, తీర్పరీ ముద్దాయీ ఒకళ్ళే.

ఎలా తగులుకుందో ఏమో, ఫ్రిజ్ మీద యెర్ సీరియళ్ళు వినే స్పీకరుకి ల్యాప్‌టాప్ తగులుకుంది. హెడ్‌ఫోన్స్ మూగబోయాయి. పెద్దనాన్న గొంతు ఇల్లంతా లేచింది. పాహువా లేచి స్పీకరు తీగ పీకేలోపు పొయ్యి దేవతకి సెలవు చెప్పుకునే నాలుగు చరణాలు అయిపోయాయి. ముసలమ్మ పక్కగదిలో పచ్చిమిరపకాయలు తుంచుతోంది. సోమవారం నుంచి ఆమె అన్నం మానేసింది.

“ఇంకా కూర్చుని రాస్తున్నావా?” అన్నాడు లీపావో, చెల్లెలి ముందు తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ చూసి. “కానీ. నాయనమ్మ పోయిందనుకో, చివర్లో ఇంకో అధ్యాయం కలుస్తుంది.”

“అన్నయ్యా, ఇవాళ ఐదింటికల్లా ఇవ్వాలి. ఇవ్వకపోతే—”

“ఇవ్వకపోతే ఏమవుతుంది? నువ్వు మన గురించి చెప్పకపోతే మనం లేకుండా పోతామా?”

“లీపావో,” అంది యెర్. అంతే అంది. మళ్ళీ గిన్నె తిప్పింది.

పాహువా ఈ చదువులో చేరినప్పుడు ఇంట్లో దీన్ని చూసి నవ్వుకోని వాళ్ళు లేరు. శనివారం సంతలో యెర్ కాకరకాయలు అమ్ముతూ, మా అమ్మాయి యూనివర్సిటీలో మన గురించి చదువుతోంది అంటే, పక్క దుకాణం ఆవిడ, మన గురించి చదవడానికి మన ఇంట్లో ఉంటే చాలదూ అందిట. చోంగ్‌నెంగ్ మాత్రం నవ్వలేదు. బయటివాళ్ళు వచ్చి మీ గురించి రాసినవి చాలు, ఇక మీరే రాయండి అని ప్రొఫెసర్ ఒర్తేగా అన్న మాట కూతురు చెబితే, రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. ఆ తరవాత నుంచీ కూతుర్ని సంతకి రానివ్వకుండా చదువుకోమన్నాడు.

అందుకే ఇప్పుడు ఆయన చూడకపోవడం అంత గుచ్చుకుంటోంది.

ముసలమ్మ ఇలా అన్నం మానేయడం ఇది రెండోసారి. మొదటిసారి రెండేళ్ళ కిందట, లీపావో పెళ్ళప్పుడు. పిల్ల బంగారం, సంబంధం మంచిది, పెద్దలు కూర్చుని ఇంటిపేర్లు చూసుకున్నారు. ఒకే ఇంటిపేరైతే ఎన్ని తరాలు గడిచినా అన్నాచెల్లెళ్ళే. పెళ్ళి మాట ఎత్తితేనే పాపం. వీళ్ళు లోర్ వాళ్ళు, గావ్‌చీ షియోంగ్ వాళ్ళ ఆడపడుచు, ఇంకేం అడ్డు అన్నారు. ముసలమ్మ ఒద్దంది. ఎందుకొద్దో చెప్పలేదు. మూడు రోజులు పస్తుండి, నాలుగో రోజు ఎవరూ అడక్కుండానే లేచి గంజి తాగి, చేసుకోండి అంది. ముసలితనం చాదస్తం అనుకుని అందరూ మరిచిపోయారు.

వాతోంగ్ పెద్దనాన్న మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. చోంగ్‌నెంగ్‌కి వరసకి అన్న. పోయినవాళ్ళకి దారి చూపించే మనుషులు ఫ్రెస్నో చుట్టుపక్కల ఈ లోయలో నలుగురే మిగిలారు, వాళ్ళలో ఆయనొకడు. మిగతా వారమంతా ఒక గోదాములో కాపలా ఉద్యోగం. ఆ నీలం చొక్కాలోనే వచ్చాడు, జేబుమీద పేరున్న బిళ్ళ తీయడం కూడా మరిచిపోయాడు.

పెట్టె చూశాడు. తీగమీద బట్టలు చూశాడు. పాహువాని పలకరించలేదు.

“ఎక్కడిదాకా వినబడింది?” అని అడిగాడు.

పొయ్యి దేవత దాకా అన్నారు అందరూ. అయితే ఎంతో దూరం పోలేదు, పిన్ని ప్రాణం గడప దాటి ఉండదు అన్నాడాయన, కాస్త తేలికపడి. పిలిచిన గొంతు ఎంతదూరం తీసుకెళ్ళిందో అంతదూరం వెళ్ళి వెనక్కి తీసుకురావాలి. అదే లెక్క. ఒక అడుగు తక్కువైనా అందదు.

వీధి తలుపు తెరిచి, గడప దగ్గర గిన్నెడు బియ్యం, దానిమీద ఒక గుడ్డు, ముసలమ్మ చొక్కా పెట్టి, అగరొత్తి వెలిగించి పిలిచాడు. పిన్నీ, ఇంటికి రా, పొయ్యి ఇక్కడే ఉంది, పడక ఇక్కడే ఉంది, కొడుకు ఇక్కడే ఉన్నాడు. పిలుపు అందిందో లేదో చెప్పే రెండు కొమ్ముముక్కలు నేలమీద వేశాడు. ఒప్పుకున్నట్టు పడలేదు. మళ్ళీ పిలిచి మళ్ళీ వేశాడు. మూడోసారి వేశాక వాటిని వెంటనే తీయలేదు. వాటివైపే చూస్తూ గొంతుక్కూర్చున్నాడు.

“గడప దగ్గర లేదు,” అన్నాడు. “చాలా దూరంలో ఉంది. నా గొంతు అంత దూరం తీసుకెళ్ళలేదు. ఈ ఇంట్లో ఇంకెవరో పాడారు.”

ఎవరు పాడతారు, ఎవరికి వచ్చు అన్నాడు లీపావో. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు పాహువా చెయ్యి దానంతటదే ల్యాప్‌టాప్ మూత మీదికి పోయింది. దాన్ని పెద్దనాన్న చూశాడు.

ఆమె ఫోను బల్లమీద గుర్రుమంది. ప్రొఫెసర్ ఒర్తేగా. చదివాను, నాలుగో అధ్యాయమే ఈ థీసిస్‌కి బలం, ఒక్క అక్షరం మార్చకుండా పంపించు అని రాసింది.

ఆ నాలుగో అధ్యాయం సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. చచ్చిపోయినవాళ్ళ పేరుతో ఉన్న పాట చదివేవాళ్ళకి ఏం అర్థమవుతుంది అనుకుంది పాహువా. చలికాలమంతా నాయనమ్మ దగ్గర కూర్చుని, అనుమతి కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ఆమె బతికిన ఊళ్ళన్నీ రాసుకుంది. పాటలో పేరుండాల్సిన చోట నాయనమ్మ పేరు పెట్టింది. ఊళ్ళుండాల్సిన చోట ఆమె ఊళ్ళు పెట్టింది. రాసినంతసేపూ అది ప్రేమే అనుకుంది. అబద్ధం కూడా కాదు.

చెబితే అధ్యాయం పోతుంది, డిగ్రీ పోతుంది. నాన్న సంతకి రానివ్వకుండా చదివించిన రెండేళ్ళూ పోతాయి. చెప్పకపోతే ఆ గదిలో ఉన్న మనిషి పోతుంది. ఎంచుకోవడానికి ఏముంది గనక అని చదివేవాళ్ళకి అనిపించవచ్చు. పాహువాకి మాత్రం నోరు పెగలడానికి ఒక అగరొత్తి కాలేంత సేపు పట్టింది.

“నేనే పెద్దనాన్నా,” అంది. “పాడలేదు. చదివాను. నాయనమ్మ పెరట్లో ఉందనుకున్నాను. రాసింది నోటికి ఎలా ఉందో చూద్దామని… శనివారం పొద్దున మా గదిలో, మొదటినుంచి చివరిదాకా.”

“ఎవరి పేరుతో?”

ఆమె నాయనమ్మ గదివైపు చూసింది. చెప్పక్కర్లేకపోయింది.

యెర్ చేతిలో గరిటె సింకులో పడింది. లీపావో లేచి చెల్లెలి ముందుకొచ్చి, వెనక్కి తిరిగి గోడవైపు నడిచాడు. చోంగ్‌నెంగ్ ఐదు రోజుల తరవాత కూతురి మొహంలోకి చూశాడు. ఇలా చూసేకంటే చూడకపోవడమే నయం అనిపించింది పాహువాకి.

“బతికున్న మనిషికి దారి చెప్పావు,” అన్నాడు పెద్దనాన్న. అరవలేదు. “మీ బడిలో ఇది తప్పని ఎవరూ చెప్పలేదా?”

“అక్కడ ఎవరికీ తెలీదు పెద్దనాన్నా. తెలిసినదాన్ని నేనే.”

ఆయన తలూపాడు. ఆ అధ్యాయం రాసిన కాగితాలు పట్టుకురమ్మన్నాడు. పని అయ్యాక అవి కాలిపోవాలి, ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ చెరిగిపోవాలి, ఎవరికీ పోకూడదు అన్నాడు. అలాగే అంది. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. అలాగే అన్నాక అటువైపు చూడటం మానేసింది.

కాగితాలు తీసుకుని ఆయన పెరట్లోకి వెళ్ళాడు. వాటిని ఇంట్లో విప్పడానికి ఒప్పుకోలేదు. దారి చివర్నుంచి మొదలుపెట్టి, ముసలమ్మ పుట్టిన ఊరినుంచి ఒక్కొక్క చోటే పేరెత్తి పిలుచుకుంటూ వచ్చాడు. తాగిన నీళ్ళకి దణ్ణం, కాల్చిన కట్టెలకి దణ్ణం, ఇక కదులు పిన్నీ. పుట్టిన ఊరు, ఆ తరవాత లోర్ వాళ్ళ ఊరు, నది ఒడ్డు, శరణార్థుల శిబిరం, మంచు కురిసే మిన్నెసోటా, ఫ్రెస్నోలో ఆ పాత వాటా, ఈ ఇల్లు. కొమ్ముముక్కలు వేశాడు. కిటికీలోంచి చూస్తున్న పాహువాకి ఆయన భుజాలు జారడం కనిపించింది.

కిటికీ దగ్గరికొచ్చి ఆమెను పిలిచాడు. చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయింది.

“దారి మధ్యలో తెగింది. పుట్టిన ఊరికీ మా వాళ్ళ ఊరికీ నడుమ ఎక్కడో ఒక చోటుంది. నీ కాగితంలో లేదు. నువ్వు పంపినప్పుడు అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయింది, ముందుకీ లేదు వెనక్కీ లేదు. ఆ పేరు లేకుండా నేను పిలవలేను.”

“నాయనమ్మ అన్నీ చెప్పింది పెద్దనాన్నా. గుచ్చి గుచ్చి అడిగాను.”

“మళ్ళీ అడుగు. చీకటి పడేలోపు అడుగు. రేపటికి ఆవిడ ఆ చెప్పులు కూడా అడుగుతుంది.”

నాయనమ్మా మనవరాలూ పడుకునేది ఒకే గదిలో. కిటికీకి తెర వేసి ఉంది. ముసలమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది, మణికట్టుకి ప్రాణం జారిపోకూడదని మొన్న కట్టిన తెల్లదారాలు వదులై మోచేతి దాకా జారాయి. పాహువా మంచం పక్కన నేలమీద కూర్చుంది. ఒళ్ళో నోటుబుక్కు, చేతిలో పెన్సిల్. చలికాలమంతా అలాగే కూర్చుంది, ఇప్పుడూ తెలియకుండానే అలాగే కూర్చుంది.

“వాడి గొంతు వినిపిస్తోంది,” అంది ముసలమ్మ గోడవైపు తిరిగే. “చిన్నప్పటినుంచీ అంతే, గాడిదలా అరుస్తాడు. నువ్వు నయం. నువ్వు స్పష్టంగా చదివావు.”

పాహువా మంచం దగ్గరికి జరిగింది. “నువ్వు విన్నావా?”

“తలుపవతలే ఉన్నా, కొత్తిమీర కట్టతో.”

“ఎందుకు ఆపలేదు నాయనమ్మా?”

“నా ఊళ్ళన్నీ వరసగా ఒకళ్ళ నోట విని ఎన్నాళ్ళయింది? వింటూ వెళ్ళిపోయాను. శిబిరం దాటాను, నది దాటాను. బాగుంది, కాళ్ళు నొప్పి లేవు. అక్కడ ఇంటిముందు నిలబడ్డాను. నువ్వు దాని పేరెత్తలేదు. నీళ్ళు తాగిన చోటుకి దణ్ణం పెట్టకుండా ఎలా కదలను? నువ్వొక ఊరు వదిలేశావు.”

“నువ్వు చెప్పలేదుగా.”

“నువ్వు అడిగావా? ఏం పంట వేశావు, నీళ్ళు ఎక్కణ్ణుంచి మోశావు అని అడిగావు. మొగుళ్ళు ఎంతమంది అని అడగలేదు.”

బయట పెద్దనాన్న దగ్గు వినిపించింది. పాహువా మరిక ఏమీ అడక్కుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనుకుంది. కానీ ఆమె రెండేళ్ళుగా నేర్చుకున్నది అడగడమే.

ముసలమ్మ ఇటు తిరిగి, తక్కువ మాటల్లో చెప్పింది. పదహారో ఏట ఆ ఊరికి కోడలిగా వెళ్ళింది. రెండేళ్ళ కాపురం. యుద్ధంలో మొగుడు పోయాడు, అత్తమామలు పోయారు, ఊరు కాలిపోయింది. చంటివాణ్ణి వీపున కట్టుకుని అడవిలో నడుస్తుంటే లోర్ ఇంటి మనిషి ఒకడు తన వాటా అన్నం పెట్టి, మనుషులంతా వెళ్ళిపోయిన తన ఊళ్ళో కొన్నాళ్ళు ఉంచాడు. శిబిరంలో గుమాస్తా ఆ పిల్లాడెవరని అడిగితే, నా కొడుకే రాసుకో అన్నాడు. చచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

“మీ తాతలాంటి మనిషి ఇంకొకడు పుట్టడు,” అంది. “కానీ మీ నాన్న పుట్టినప్పుడు మాయ పాతింది ఆ ఊళ్ళో. ఆ ఇంటి నడిమి స్తంభం కింద. మగపిల్లాడి మాయ ఎక్కడుంటే వాడి ఇంటిదేవతలు అక్కడే.”

“ఊరి పేరేంటి?”

“ఫూలెంగ్.”

పాహువా రాసుకుంది. చేతి అలవాటు. రాసి దానికింద గీత కూడా గీసింది.

“అది ఎవరి ఊరు నాయనమ్మా? ఏ ఇంటిపేరు వాళ్ళది?”

ముసలమ్మ ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఏదో దాచాలని కాదు, నీ అంతట నువ్వే తెలుసుకో అన్నట్టు. రెండేళ్ళ కిందటి మూడు రోజుల పస్తు పాహువాకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ పెళ్ళి గుర్తొచ్చింది. వద్దని, కారణం చెప్పలేక, మింగలేక కక్కలేక నాలుగో రోజు గంజి తాగిన మనిషి గుర్తొచ్చింది.

“నాయనమ్మా, వదిన…”

“అప్పుడు చెబితే మీ నాన్న ఇంటిపేరు పోయేది. చెప్పకపోయేసరికి మీ అన్న ఇల్లు ఇలా అయింది. రెండూ నా చేతులతోనే అయ్యాయి.” ఆమె కళ్ళు మూసుకుంది. “నేను ఆ ఇంటిముందే ఉంటానులే. అక్కడ నాకేం బాధ లేదు. నువ్వు పేరు తెలీలేదని చెప్పెయ్. రేపో ఎల్లుండో అయిపోతుంది, నాతోనే పోతుంది.”

పాహువా ఏడ్చింది. నాయనమ్మ బతకాలని ఏడ్చింది, అన్న ఇల్లు నిలవాలని ఏడ్చింది. ఆ రెండూ ఒకచోట ఉండే దారి ఏ అధ్యాయంలోనూ లేదు. చివరికి నోటుబుక్కు మంచం మీద పడేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

తలుపు చప్పుడు వినలేదు. గావ్‌చీ పళ్ళెంలో కోడిరసం గిన్నె, మెత్తటి అన్నం పట్టుకుని లోపలికొచ్చింది. పళ్ళెం పెట్టడానికి చోటు కోసం మంచం మీది నోటుబుక్కు తీసి పక్కకి పెట్టబోయి ఆగింది. ఆ ఇంట్లో ఆడబిడ్డ రాతని చదవగలిగింది, చదవాలని ఇష్టపడింది ఆమె ఒక్కతే.

“ఇదేనా పెద్దమామయ్య అడుగుతున్న ఊరు?” అంది. మొహం విప్పారింది. “ఫూలెంగా? పాహువా, ఇది మా నాన్న పుట్టిన ఊరు. చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పేవాడో. ఊరంతా మా షియోంగ్ వాళ్ళేనట, పొగ లేచే ప్రతి కప్పూ మాదేనట.”

“వదినా, ఆ బుక్కు ఇటివ్వు.”

“ఉండు, ముందు ఆయనకి చెప్పనీ. పాపం, ఎండలో నిలబడ్డాడు.” ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో పొట్ట పట్టుకుని కిటికీ తెర పక్కకి లాగింది. “పెద్దమామయ్యా, పేరు దొరికింది. ఫూలెంగ్.”

ఆయన ఆ పేరు పలికాడు. ఆ ఊరి నీళ్ళకి దణ్ణం పెట్టాడు. కొమ్ముముక్కలు నేలమీద పడ్డ చప్పుడు గదిలోకి వినిపించింది, ఒక్కసారే. మళ్ళీ వేయలేదు.

ముసలమ్మ మోచేతి మీద లేచి కూర్చుంది. గదంతా కలయజూసి, పళ్ళెంలోని గిన్నె వైపు చెయ్యి చాచింది. నాలుగు రోజుల తరవాత అన్నం అడిగిన మనిషి చేతికి గావ్‌చీ నవ్వుతూ గిన్నె అందించింది.

కిటికీ అవతల పెద్దనాన్న గొంతుక్కూర్చున్నచోటి నుంచి మెల్లగా లేచాడు. ఆ ఊరి పేరు ఇంకోసారి తనలో తను అనుకున్నాడు. తరవాత పెరటి గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వైపు తిరిగి, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

“చోంగ్‌నెంగ్,” అన్నాడు. “నువ్వు పుట్టింది ఎక్కడరా?”